వంశచరిత్ర శోధనము – మన ప్రాంతపు కాగితములు



వంశచరిత్రమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని సంఘమువారు మమ్ము కోరిరి. సంస్కృతము చదివి, ముప్పదియేండ్లకు పైగా బడిలో పాఠములు చెప్పిన మాకు పురాణములలోని సూర్యవంశపు రాజుల పేర్లు వరుసగా నోటికి వచ్చును. మా తాతగారి తండ్రి పేరు మాత్రము మొన్నమొన్నటివరకు తెలియదు. ఈ సభయందు ముత్తాత పేరును, ముత్తవ్వ పేరును చెప్పగలవారు చేయి యెత్తుడని యడిగినచో నెన్ని చేతులు లేచునో మీరే యూహింపుడు.

మన కుర్నివారిని గూర్చి థర్‌స్టను దొరగారు 1909లో ప్రకటించిన దక్షిణదేశపు కులముల గ్రంథమున నొక చిన్న ప్రకరణము గలదు. హిరే, చిక్క అను రెండు తెగలనియు, హిరేవారికి 66 గోత్రములనియు నందు వ్రాయబడినది. గొఱ్ఱె, ఉన్ని యను నర్థములుగల కన్నడ పదములనుండి కుర్ని శబ్దము పుట్టినదనియు గలదు. ఈ వ్యుత్పత్తి మాకు రుచింపదు. కన్నడమున కురుహు అనగా గుర్తు. కురుహినశెట్టి యను రూపము మన పెద్దల నోట నేటికిని వినబడుచుండగా గొఱ్ఱెలదాక పోనేల? ఐనను ఇది పండితుల కాలక్షేపము. ఒక యింటి చరిత్రకు దీనివలన నొరుగునది లేదు. ఇంటి చరిత్ర కావలెనన్నచో కాగితములు వెదకవలెను.

ఇచ్చటనే మనవారు తరచుగా పొరబడుచున్నారు. ఆదవాని, ఎమ్మిగనూరుల పాతకాగితములకై కర్నూలు చేరి రిక్తహస్తములతో తిరిగివచ్చినవారు పలువురు. 1800లో నైజాము కుంపిణీవారికి ధారపోసిన దత్తమండలములలో ఆదవాని చేరినది. మన్రో దొర 1807 వరకు ఆ మండలముల కెల్ల ప్రధాన కలెక్టరు. 1808లో వానిని బళ్లారి, కడప యని రెండు జిల్లాలుగా విభజించినప్పుడు ఆదవాని బళ్లారి పాలబడెను. కర్నూలా యనిన, 1839 వరకు నవాబుల యేలుబడిలో నుండిన వేరొక సీమ. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడే ఆదవాని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో కలిసెను. కావున అంతకు పూర్వపు దస్తావేజుల తలకట్టున బళ్లారి జిల్లా యనియే యుండును. తాతగారి పెట్టెలో నట్టి పత్రమును చూచి, 'ఇది మన జిల్లాది కాదు' అని పొయ్యిలో వేసిన వాని నొకని మే మెరుగుదుము. రాజధాని కచేరీలకు చేరిన కాగితములు చెన్నపట్టణమున ఎగ్మూరులోని పురాతన పత్రభాండారమున గలవు.

భాష మరియొక చిక్కు. మన ప్రాంతమున తెలుగు, కన్నడము రెండును నడిచినవి. కుంపిణీ తొలినాళ్ల రెవిన్యూ లెక్కలు కొన్ని మరాఠీలో, మోడి లిపిలో నున్నవి. ఆ దినములలో మగ్గము గల యింటిపై మొహతర్ఫా యను పన్ను వేసెడివారు. ఆ లెక్కల తునుక యొకటి చిక్కినచో అప్పటి మగ్గపువారి పేర్లు దొరకవచ్చును. కాని మోడి చదువగలవారు నేడు మిక్కిలి యరుదు.

కాగితము దొరికిన పిమ్మట కాలనిర్ణయము. ఫసలీ సంవత్సరమునకు 590 కలిపిన క్రీస్తుశకము వచ్చును. ఫసలీ జూలై 1న మొదలగును గనుక జనవరి మొదలు జూను వరకు గల తేదులకు 591 కలుపవలెను. ఫసలీ 1300 అనగా 1890 జూలై మొదలు 1891 జూను వరకు. తెలుగు సంవత్సరముల పేర్లు మాత్రము అరువదియేండ్ల కొకసారి మరల వచ్చును. ధాత యనిన 1876 కావచ్చును, 1936 కావచ్చును, 1996 కావచ్చును. ఈ యెరుక లేక ఒక తరమునకు తరమే జారిపోవును.

1858లో నేర్పడిన ఇనాము కమిషనువారి రిజిస్టర్లయందు అనుభవదారుల పేర్లు, వయస్సులు, పూర్వుల వివరములు గలవు. మనవారికి ఇనాములు తక్కువ. మఠములవారు దానిని చూచుకొందురు గాక. జనాభాలెక్కలలో మన తాతల పేర్లు చూపింపుమని కొందరడుగుదురు. 1948 నాటి చట్టము ననుసరించి ఆ యింటింటి పత్రములు ఎవరికిని చూపరానివి. ఆశ వదలుకొనుడు. జననమరణముల పుస్తకములు, గ్రామలెక్కలు కరణముల చేతిలో నుండెడివి. 1984లో ఆ యుద్యోగములు రద్దయినప్పుడు కొన్ని కచేరీలకు చేరినవి, కొన్ని అటకలపైననే యుండిపోయినవి. మాచాని సోమప్పగారు 1938లో ఎమ్మిగనూరున స్థాపించిన నేతపనివారల సహకార సంఘపు పాతపత్రములు, కూలి చీట్లు మీ యిండ్లలో నున్నచో వానినిగూడ పారవేయకుడు.

బడి రిజిస్టర్లను గూర్చి మే మొక తప్పు నొప్పుకొనవలసియున్నది. పిల్లవానిని చేర్పింప వచ్చిన తండ్రికి జన్మదినము తెలియదు. 'కరువు పోయినాక పుట్టినాడు సామీ' అనును. మేము వాని యెత్తు చూచి, పండ్లు చూచి, జూలై 1 అని వ్రాసితిమి. ఒక్క తరగతియందు ఒకే దినమున జన్మించినవారు డజనుకు తక్కువ లేకుండిరి! ఆ తేదులే వారి యుద్యోగములకును పింఛనులకును ప్రమాణములై, నేడు వారి మనుమలు వానినే వంశవృక్షములలో వ్రాసికొనుచున్నారు. మా చేతివ్రాతను మీరు నమ్మకుడు. రెండవ సాక్ష్య మడుగుడు.

నీలకంఠేశ్వరస్వామి జాతరకు బంధుజన మెమ్మిగనూరు చేరు దినములలో మేము కొన్ని గోష్ఠులు జరిపితిమి, ఆదవానియందును జరిపితిమి. ఎనిమిది పది కుటుంబములు కూర్చుండును. మొదట వృద్ధులు చెప్పుదురు, పిల్లలు చెప్పినది చెప్పినట్లు వ్రాయుదురు. ఆ తరువాతనే పెట్టెలు తెరువవలెను. ప్రతి పేరునకు ప్రక్కన ఎవరు చెప్పిరో, ఏ కాగితమున గలదో గుర్తింపవలెను. దత్తతలు, మారుమనువులు, అప్పులు బయలుపడును గనుక అచ్చటి మాట గడప దాటరాదని ముందే యొడంబడిక.

అట్టి గోష్ఠియందు జరిగిన దొకటి చెప్పెదము. ఆదవాని కుటుంబ మొకటి, ఎమ్మిగనూరు కుటుంబ మొకటి, ఇంటిపేరొకటే. గోత్రము తమకు తెలియదని ఆదవానివారు, వారు మావారు కారని ఎమ్మిగనూరువారు. ఒక పిల్లను ఒక పిల్లవానికి అడుగుట యప్పటికే జరిగినది. ఆదవాని ముసలమ్మ, 'మా జేజినాయన ధాత కరువులో పాయె' అని పలుమారు చెప్పెను. మనుమడు లెక్కకట్టి 1936 అని వ్రాసెను. అట్లైనచో రెండిండ్లు కలియుట యసంభవము. పిమ్మట ఎమ్మిగనూరువారి పెట్టెలో తారణ సంవత్సరపు, అనగా 1884 నాటి, తాకట్టు దస్తావేజు బయలుపడెను. పండ్రెండేండ్లు, తొమ్మిదేండ్లు గల యిద్దరు మైనరు కొడుకులకు సంరక్షకురాలిగా ఒక వితంతువు ఇల్లును, రెండు గుంటమగ్గములను కుదువబెట్టినది. పెద్దవాడు తల్లితో ఆదవానియందు నిలిచెను. చిన్నవానిని మేనమామ ఎమ్మిగనూరు తీసికొనిపోయెను. ముసలమ్మ చెప్పిన కొడుకుల పేర్లును, పత్రములోని పేర్లును సరిపోయెను. కరువు 1876 నాటిది. బళ్లారి, కర్నూలు సీమలను పాడుపెట్టిన ఆ మహాక్షామమే.

పెండ్లి మాట ఆగిపోయెను. పిల్ల తండ్రి మాపై కోపించి రెండు నెలలు పలుకరింపలేదు. ఆయన కోపము న్యాయమే. ఐతే గోష్ఠి ముగియుచుండగా ఆ ముసలమ్మ యడిగిన ప్రశ్న మాకు మరపునకు రాదు: 'ఆ తల్లి పేరేమి?' రెండిండ్ల వంశవృక్షములలో ఆరు తరముల మగవారి పేర్లుండెను, ఆమె పేరు లేదు. దస్తావేజు అడుగున, నిశానీ గీతకు ప్రక్కన ఉండెను. అప్పుచేయవలసివచ్చినందున మాత్రమే ఆమె పేరు మిగిలినది. మేము చదివితిమి. ముసలమ్మ రెండుసార్లు చెప్పించుకొనెను. నేడు ఆదవానివారింట పుట్టిన పాపకు ఆ పేరే పెట్టిరి. పిలుచుటకు పొట్టిపేరు వేరే యున్నది.

రాబోవు జాతరనాళ్లలో మరల కూర్చుండెదము. వృద్ధులను వెంటబెట్టుకొని రండు. ముఖ్యముగా అవ్వలను విడిచి రాకుడు; పుట్టినింటి పేరు, ఊరు వారే చెప్పవలెను. అసలు పత్రములు మీయొద్దనే యుండవలెను, సెల్‌ఫోనుతో బొమ్మ తీసికొన్న చాలును. పాత కాగితములకు లామినేషను చేయింపకుడు. ఒకసారి చేయించినచో ఆ ప్లాస్టికును మరల ఊడదీయుట కష్టము. కన్నడము చదువువారు మాకు ఇద్దరు గలరు. మోడి చదువగలవా రెవరైన మీ యెరుకలో నున్నచో సంఘ కార్యదర్శిగారికి తెలియజేయుడు.