ఇంట్లో కూర్చుని చేసే పనికి ధర ఎంత?

(ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు చేనేత ఇళ్ళలో కండెలు చుట్టేది ఎక్కువగా ఆడవాళ్ళే. చీర మజూరీ మాత్రం మగ్గం మీద కూర్చున్న మగవాడి చేతికి వస్తుంది. కండెలు చుట్టిన పని ఇంటిపనిలో కలిసిపోతుంది. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలోని 35 లక్షల పైచిలుకు చేనేత కార్మికుల్లో నూటికి 70 మందికి పైగా స్త్రీలే. అయినా వారి శ్రమకు విడిగా లెక్క కట్టే అలవాటు మనకు రాలేదు.

ఇప్పుడు మన ఇళ్ళలోకి కంప్యూటరు వచ్చింది. చదువుకుని, పెళ్ళయి, పిల్లలను వదిలి ఉద్యోగానికి పోలేని అమ్మాయిలు ఇంటి నుంచే చిన్న చిన్న వెబ్‌సైట్లు తయారుచేసి ఇస్తున్నారు. ప్రొద్దుటూరులో నగల దుకాణం, జమ్మలమడుగులో గండికోట చూడవచ్చేవారికి గదులిచ్చే లాడ్జీ, పులివెందులలో అరటి వ్యాపారి, ఎవరికైనా ఇవాళ సైటు కావాలి. పని మారింది గానీ ధర దగ్గర పాత మాటే వినబడుతోంది.

నా మొదటి పని ఒక దుకాణానికి. "ఇంట్లో కూర్చోని చేసేదే గదమ్మా, రెండు వేలు తీసుకో" అన్నారు. ఎంత అడగాలో నాకూ తెలియదు. సరేనన్నాను. పని అయ్యాక గంటలు లెక్కపెట్టాను. యజమానితో మాట్లాడడానికి 3, ఫోటోలు, వివరాలు సేకరించడానికి 7, తయారీకి 18, మార్పులకు 9, అప్పగించి నేర్పడానికి 3, మొత్తం 40 గంటలు. అంటే గంటకు 50 రూపాయలు.

అందులో ఖర్చు కూడా ఉంది. 36 వేల కంప్యూటరు మూడేళ్ళు పనిచేస్తే నెలకు వెయ్యి. కరెంటుకు, నెట్టుకు కలిపి మరో వెయ్యి. నెలలో డబ్బు వచ్చే పని నాకు 80 గంటలు దొరికేది. మిగతా పొద్దంతా వంటకు, పిల్లలకు, పని వెతుక్కోవడానికి పోయేది. ఆ లెక్కన గంటకు 25 రూపాయలు ఖర్చు. చేతికి మిగిలింది గంటకు 25, ఎనిమిది గంటలకు 200. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజుకూలీ 307 రూపాయలు. కూలిపని తక్కువదని ఈ మాట అనడం లేదు. మన పనిని మనం ఎంత చవక చేసుకున్నామో చూడమంటున్నాను.

కాబట్టి ధరను తిప్పి లెక్క వేద్దాం. నెలకు 15 వేలు మిగలాలనుకుందాం. ఖర్చు 2 వేలు కలిపితే 17 వేలు. 80 గంటలతో భాగిస్తే గంటకు 212 రూపాయల పైన. 40 గంటల పనికి 8,500. ఈ అంకె అందరికీ ఒకటే కాదు, ఎవరి గంటలు, ఎవరి ఖర్చు వారివి. లెక్క వేసే పద్ధతి మాత్రం అందరిదీ. బేరమాడితే ధర తగ్గించకండి, పని తగ్గించండి. ఐదు పేజీలకు బదులు మూడు ఇస్తామనండి. డొమైన్, హోస్టింగ్ ఖర్చు యజమానిదే, అతని పేరు మీదే ఉండాలి. సగం ముందు తీసుకోండి. మార్పులు రెండుసార్లని, ఆపైన గంటల లెక్కన డబ్బని కాగితం మీద రాయించుకోండి.

కనీస వేతనం అడగడానికి మనకు ఉద్యోగమిచ్చిన యజమాని లేడు. అయినా చట్టం మనకు అసలే లేదనుకోకండి. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం, ఉద్యమ్ నమోదు ఉన్న చిన్న సంస్థకు ఒప్పందంలో రాసుకున్న గడువులోగా డబ్బు చెల్లించాలి. ఆ గడువు 45 రోజులు దాటకూడదు. ఏమీ రాసుకోకపోతే 15 రోజులే. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. నమోదుకు రుసుం లేదు. పని ఒప్పుకోకముందే చేయించుకోండి. మీ పేరు మీదే, మీ బ్యాంకు ఖాతాతోనే చేయించుకోండి. భర్త పేరు మీద పెడితే కండెల కథే మళ్ళీ మొదలవుతుంది.

ఒక అమ్మాయి రెండు వేలకు ఒప్పుకుంటే, ఆ ధరే తర్వాత వచ్చే అమ్మాయికీ చెబుతారు. ఆమెను తప్పుపట్టి లాభం లేదు. ఆ రోజు నాకు లెక్క చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. అందుకే కార్యకర్తలకు ఒక్క మాట. మీ ఊళ్ళో ఈ పని చేసే అమ్మాయిలను కూర్చోబెట్టండి. ప్రతి పనికీ పట్టిన గంటలు ఒక నోటుపుస్తకంలో రాయమనండి. మళ్ళీ కలిసినప్పుడు ఆ పుస్తకాలు ముందుపెట్టుకుని మాట్లాడుకుందాం.