సామెతలూ – మన మనసూ
(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛను దయతో ఇచ్చే దానం కాదని 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. ఆ తీర్పు గురించి, బకాయిల గురించి తక్కిన వక్తలు చెబుతారు. నాకు అప్పగించిన విషయం సామెతలు.

1868లోనే కెప్టెన్ కార్ అనే ఆంగ్లేయుడు రెండు వేలకు పైగా తెలుగు సామెతలను ‘ఆంధ్రలోకోక్తి చంద్రిక’ పేరుతో మద్రాసులో అచ్చువేయించాడు. మన సామెతల్లో నీతి ఉన్నట్టే, మనసు నడిచే తీరు కూడా ఉంది.

‘దూరపు కొండలు నునుపు’ అంటాం. నర్సీపట్నం వాళ్ళకు దీన్ని ఎవరూ వివరించనక్కరలేదు. ఇక్కడి నుంచి చూస్తే చింతపల్లి వైపు కొండలు నీలంగా, నున్నగా కనిపిస్తాయి. లంబసింగి ఘాట్ ఎక్కితేగాని రాళ్ళూ మలుపులూ తెలియవు. ట్రోప్, లిబర్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1998 నుంచి చేసిన పరిశోధనల సారాంశమూ ఇంచుమించు ఇదే. దూరాన ఉన్నదాన్ని మనసు పైపైన తలుస్తుంది. దగ్గరున్నదాన్ని చిక్కులతో సహా తలుస్తుంది. అందుకే అమెరికాలో ఉన్న కొడుకు బతుకు మనకు నునుపు, ఊళ్ళో ఉన్న మన బతుకు వాడికి నునుపు. ఫోనులో ఇద్దరూ ‘నీకేం లోటు’ అనుకుంటారు.

‘తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు’ అన్నది మరొకటి. 1960లో పీటర్ వాసన్ అనే శాస్త్రవేత్త కొందరికి 2, 4, 6 అనే అంకెలిచ్చి, వాటి వెనక ఉన్న సూత్రం కనిపెట్టమన్నాడు. ‘రెండేసి చొప్పున పెరగడం’ అని చాలామంది అనుకున్నారు. 8, 10, 12 వంటి తమకు అనుకూలమైన అంకెలే చెప్పి చూసుకున్నారు. అసలు సూత్రం ‘అంకెలు పెరుగుతూ పోవాలి’ అన్నదే! తమ మాట తప్పేమో అని పరీక్షించుకున్నవారు తక్కువ.

ఇక సామెతలకు అంత బలం ఎలా వచ్చింది? మొదటిది అనుభవం. రెండవది వినసొంపు. 2000 సంవత్సరంలో అమెరికాలో మెక్‌గ్లోన్, తోఫిగ్‌బక్ష్ అనేవారు ఒకే భావాన్ని ప్రాసతోనూ, ప్రాస లేకుండానూ చెప్పి చూశారు. ప్రాస ఉన్న మాటలే ఎక్కువ నిజమని జనానికి తోచాయి. ‘నిదానమే ప్రధానం’ అన్నప్పుడు మనం తల ఊపడంలో ఆ నాదానికీ కొంత వాటా ఉంది.

అయితే ‘ఆలస్యం అమృతం విషం’ అనే సామెత కూడా మనదే. రెండూ నిజమే. ఏది ఎప్పుడు వాడాలన్నదే ప్రశ్న. ఛాతీలో నొప్పి వస్తే ‘గ్యాసు అయి ఉంటుందిలే, చూద్దాం’ అని నిదానిస్తాం. ఎవరో ఫోను చేసి ‘మీ ఖాతా ఆగిపోతుంది, వెంటనే ఓటీపీ చెప్పండి’ అంటే తొందరపడతాం. జరగవలసింది దీనికి తలకిందులు. నొప్పికి వెంటనే 108కు ఫోను చేయాలి. ఆ ఫోను పెట్టేసి, నిదానంగా బ్యాంకుకు వెళ్ళి అడగాలి. సామెత తప్పు కాదు. మన భయానికి, మన కోరికకు అనువైనదాన్ని ఏరుకోవడమే తప్పు.

చివరిగా మనందరికీ సంబంధించిన సామెత ఒకటి. ‘మొక్కై వంగనిది మానై వంగునా’. పిల్లల పెంపకం గురించి పుట్టిన మాట ఇది. ఇప్పుడు మనం దాన్ని మనకే అంటగట్టుకుంటున్నాం. 2014 నవంబరులో కేంద్ర ప్రభుత్వం జీవన్ ప్రమాణ్ మొదలుపెట్టింది. జీవించి ఉన్నట్టు ధ్రువపత్రం ఇంట్లోనే సెల్‌ఫోనులో ముఖం చూపించి ఇవ్వవచ్చు. మనవరాలు ‘నేర్పిస్తాను తాతయ్యా’ అంటే ‘ఈ వయసులో నాకెందుకమ్మా’ అంటాం. ‘ఊరు పొమ్మంటోంది, కాడు రమ్మంటోంది’ అని నవ్వేస్తాం.

ఆ నవ్వు ఖరీదైనది కావచ్చు. అమెరికాలోని ఒహాయోలో 50 ఏళ్ళు దాటిన 660 మందిని 23 ఏళ్ళ వరకు గమనించి, బెక్కా లెవీ బృందం 2002లో ఫలితాలు ప్రకటించింది. తమ వయసును గురించి మంచిగా తలచుకున్నవారు, చులకనగా తలచుకున్నవారికంటే సగటున ఏడున్నర ఏళ్ళు ఎక్కువ బతికారు. ఆరోగ్యం, ఆర్థిక స్థితి, ఒంటరితనం లెక్కలోకి తీసుకున్నా తేడా మిగిలింది. తలపు ఒక్కటే ఆయువు పెంచిందని దీనివల్ల రుజువు కాదు. కాని మన గురించి మనం అనుకునే మాట ఉత్త మాట కాదని తెలుస్తోంది.

కనుక మిత్రులారా, ఒక్క మనవి. సామెత నోటికి వచ్చినప్పుడు ఒక క్షణం ఆగుదాం. ఇది దారి చూపడానికా, నోరు మూయించడానికా? కోడలి నోరైనా, మనవడి నోరైనా, మన మనసు నోరైనా సరే. దారి చూపేదైతే ధారాళంగా అందాం. మూయించేదైతే మింగేద్దాం. ఇంటికి వెళ్ళాక మనవరాలిని పిలిచి, ఆ ఫోను ఎలాగో ఇంకొకసారి చెప్పమని అడుగుదాం.