రైడ్ ఎక్కనివాళ్లకు పార్కులో ఏముంది?

ఈరోజు థీమ్ పార్కుల గురించి మాట్లాడుకుందాం. రైడ్ల గురించి మాత్రం కాదు. ఏ రోలర్ కోస్టర్ ఎంత ఎత్తు, ఎంత స్పీడు అని చెప్పే వీడియోలు యూట్యూబ్‌లో బోలెడున్నయి. నేను మా అమ్మ గురించి చెప్తా.

రెండేండ్ల కింద ఎండాకాలంలో ఇంటిల్లిపాదీ ఒక పార్కుకు పోయినం. పేరు చెప్పను. అమ్మకు మోకాళ్ల నొప్పులు, పైగా గిర్రున తిరిగేదేదీ ఆమెకు పడదు. మేం నలుగురం రైడ్లు ఎక్కుతుంటే ఆమె మా బ్యాగులు, ఫోన్లు ఒళ్లో పెట్టుకొని, చెప్పులు పక్కన పెట్టుకొని, ఒక రేకుల షెడ్డు కింద కూర్చుంది. షెడ్డు మీద సముద్రపు దొంగల ఓడ బొమ్మ ఉంది. అదే థీమ్ అన్నమాట! మూడు గంటల తర్వాత వచ్చి "ఎట్లుందమ్మా?" అంటే, "నీడ మంచిగుంది బిడ్డా" అన్నది. టికెట్ మాత్రం ఆమెకూ మాకూ ఒకటే.

అప్పటి నుంచి ఏ పార్కు చూసినా నాది ఒకటే లెక్క. రైడ్లన్నీ బంద్ పెడితే, బ్యాగులు పట్టుకున్న మనిషికి అక్కడ ఏం మిగుల్తది?

నిజంగానే ఇట్లాంటి టెస్ట్ ఒకటి జరిగింది. 2019 మే 31న కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో స్టార్ వార్స్ లోకం ఒకటి తెరిచారు, గెలాక్సీస్ ఎడ్జ్ అని. 14 ఎకరాలు. తెరిచిన రోజు నడిచే రైడ్ ఒక్కటే. అసలు పెద్ద రైడ్ అక్కడ 2020 జనవరిలో గానీ రాలేదు. నేను జాబ్‌లో ఉన్నప్పుడు మెయిన్ ఫీచర్ లేకుండా రిలీజ్ కొట్టిన రాత్రులు గుర్తొచ్చినయి (నవ్వు). అన్ని నెలలు భారమంతా చుట్టూ కట్టిన ఆ ఊరి మీదనే పడ్డది.

నేను పోలేదు, గంటల కొద్దీ వీడియోలు చూసిన. దుకాణాల బోర్డులు ఆ సినిమాలోని లిపిలో ఉంటయి. పనిచేసేవాళ్లు ఆ గ్రహం మనుషుల్లాగే పలకరిస్తరు. కోకాకోలా సీసా కూడా గుండ్రంగా బాంబులెక్క చేసిన్రు, దాని మీద అదే లిపి. ఎంత నమ్మించేలా ఉందంటే, విమానంలోకి దాన్ని తేవద్దని అమెరికా ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీ వాళ్లు మొదట అన్నరు, తర్వాత వెనక్కి తగ్గిన్రు!

నాకు ఇంకా నచ్చింది ఓర్లాండోలో యూనివర్సల్ వాళ్ల హ్యారీ పాటర్ వీధి, డయాగన్ ఆలీ. 2014లో తెరిచారు. అక్కడ ఒక మంత్రదండం కొనుక్కుంటే, కొన్ని షాపు కిటికీల ముందు నిలబడి చెప్పినట్టు తిప్పాలి. లోపల ఏదో ఒకటి కదుల్తది. రైడ్ ఎక్కని మనిషికి కూడా ఒక పని దొరుకుతుంది. సాఫ్ట్‌వేరోళ్ల భాషలో ఇన్‌పుట్ ఇస్తే అవుట్‌పుట్ వస్తది. దండం మళ్లీ వేరే డబ్బులు, అది వేరే బాధ.

మన దగ్గర దీనికి దగ్గరగా వచ్చేది రామోజీ ఫిల్మ్ సిటీ. 1996 నుంచి ఉన్నది, ప్రపంచంలోనే అతి పెద్ద ఫిల్మ్ స్టూడియోగా గిన్నిస్ రికార్డు. బస్సులో తిప్పుతరు, గైడ్ చెప్తుంటరు. అమ్మ ఆ రోజు బ్యాగులకు కాపలా కూర్చోలేదు, ఆ మార్కు వాళ్లకు ఇవ్వాల్సిందే. బాహుబలి సెట్ దగ్గర మాత్రం చాలాసేపు అటూ ఇటూ చూసి ఒక మాట అడిగింది: "గీ రాజులు వంట ఏడ చేసుకుంటరు రా?"

నేను నవ్విన. తర్వాత ఆలోచిస్తే కరెక్టే అనిపించింది. సెట్ కట్టేది కెమెరా కోసం. కెమెరా ఎటు చూస్తదో అటు వైపే రాజ్యం. పొయ్యి లేదు, మసి లేదు, నీళ్ల కుండ లేదు. సినిమాకు అవి అక్కర్లేదు, కానీ నడుచుకుంటూ వచ్చిన మనిషి కళ్లు మొదట వాటినే వెతుకుతయి. ఫొటో దిగినంక ఇంకేం చేయాలో తెలవదు.

ఆమె అట్ల ఎందుకు అడిగిందో నాకు బోధన్ పోయినప్పుడు అర్థమైంది. అమ్మ పుట్టి పెరిగింది బోధన్ శక్కర్‌నగర్‌లో. తాత నిజాం షుగర్ ఫ్యాక్టరీలో పనిచేసిండు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీల్లో ఒకటిగా పేరున్నది, 2015 డిసెంబర్‌లో మూతపడ్డది. పోయినేడు నిజామాబాద్ నుంచి ఒక పెండ్లికి పోతూ ఆ గేటు ముందు బండి ఆపమన్నది.

నాకైతే గోడ, చెట్లు, మూసిన గేటు కనిపించినయి. అబద్ధం ఎందుకు, నాకేం అనిపించలేదు. ఆమె మాత్రం మోకాళ్ల నొప్పి సంగతే మర్చి అరగంట నడిచింది. చెరుకు బండ్ల లైన్ ఎక్కడిదాకా ఉండేదో చూపించింది. పిల్లలంతా వెనక నుంచి గడలు ఎట్ల గుంజుకునేవాళ్లో, బండాయన తిడుతూ ఎట్ల ఉరికించేవాడో చేసి చూపించింది. సీజన్ మొదలైతే బెల్లం మాడినట్టు ఒక వాసన ఊరంతా పట్టేదట, ఆరేసిన బట్టలకు కూడా. సైరన్ మోగితేనే వాళ్లింట్ల పొయ్యి మీద బియ్యం పడేదట.

అరగంట అయ్యేసరికి నాకు కూడా ఆ లైన్ కొద్దికొద్దిగా కనిపించుడు మొదలైంది. గోడ అదే, గేటు అదే. చెప్పే మనిషి ఒకామె పక్కన ఉన్నది, అంతే తేడా. డిస్నీ వాళ్లు వేషం కట్టిన మనుషులను వీధిలో ఎందుకు పెడతరో, రామోజీలో బస్సుకు గైడ్ ఎందుకు ఉంటరో అక్కడ నిలబడితే తెలిసింది.

వచ్చే నెల ఇంకో పార్కుకు పోతున్నం, ఆ వీడియో కూడా పెడతా. ఈసారి రేటింగ్ అమ్మ ఇస్తది. బ్యాగులు నా దగ్గర ఉంటయి.