పనిచోట పుట్టే క్యాన్సర్

కొన్ని క్యాన్సర్లకు మూలం మనిషి చేసే పనిలోనే ఉంటుంది. చిన్నప్పుడు పొగగొట్టాలు తుడిచినవారికి పెద్దయ్యాక వృషణాల తిత్తి మీద లేచే పుండుకు మసే కారణమని లండన్ శస్త్రవైద్యుడు పెర్సివాల్ పాట్ 1775లో గుర్తించాడు. రంగుల ఫ్యాక్టరీ కార్మికులకు మూత్రాశయ క్యాన్సర్ వస్తోందని జర్మన్ వైద్యుడు లుడ్విగ్ రేన్ 1895లో చూపాడు. రంగుల తయారీలో వాడే బెంజిడిన్ వంటి రసాయనాలు ఒంట్లో చేరి, మూత్రంలో నిలిచి, మూత్రాశయం లోపొరను దెబ్బతీస్తాయి. బెంజిడిన్ ఆధారిత అద్దకపు రంగులను భారత ప్రభుత్వం 1990లలో నిషేధించింది.

తమిళనాడులోని రాజపాళయం నూలు మిల్లుల ఊరు. పత్తిని దులిపే బ్లోరూము, దువ్వే కార్డింగు విభాగాల్లో ఎగిరే పత్తి ధూళి వల్ల బిస్సినోసిస్ వస్తుంది. వారపు సెలవు తర్వాత పనిలో దిగిన రోజున ఛాతీ పట్టేయడం దాని తొలి గుర్తు. అది ఊపిరితిత్తుల జబ్బే గాని క్యాన్సర్ కాదు. వైద్య సామగ్రిలోని క్రిములను చంపడానికి వాడే ఎథిలీన్ ఆక్సైడ్ సంగతి వేరు. ఆ వాయువు మనుషుల్లో క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లో తేల్చింది. సర్జికల్ దూది, బ్యాండేజీ గుడ్డ తయారయ్యే ఈ ప్రాంతం తెలుసుకోవలసిన విషయమిది.

అన్నిటికన్నా బాగా తెలిసిన ఉదాహరణ ఆస్‌బెస్టాస్. ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకును రంపంతో కోస్తే పొడి చొక్కా మడతల్లో పేరుకుంటుంది. అందులోని కంటికానని పీచు కోసినవాడి ఊపిరిలోకే కాదు, ఆ చొక్కా దులిపి ఉతికే ఇల్లాలి ఊపిరిలోకీ పోతుంది. ఊపిరితిత్తుల పైపొరకు వచ్చే మీసోథీలియోమాకూ ఈ పీచుకూ ఉన్న సంబంధాన్ని 1960లో దక్షిణాఫ్రికాలో వాగ్నర్ బృందం 33 మంది రోగులలో చూపింది. ఆస్‌బెస్టాస్ పీచుకు పొగతాగే అలవాటు తోడైతే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

నివారణలో మొదటి మెట్టు ప్రమాదకర పదార్థాన్నే మానేయడం. అది కుదరకపోతే యంత్రాన్ని మూసి ఉంచడం, ధూళిని పుట్టినచోటే లాగేయడం, తడిపి కోయడం. ముక్కుకు కట్టిన గుడ్డ ఆస్‌బెస్టాస్ పీచును ఆపదు.

ఆస్‌బెస్టాస్ వల్ల వచ్చే క్యాన్సర్ బయటపడేసరికి 20 నుంచి 40 ఏళ్లు గడుస్తాయి. అందుకే ఆస్‌బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డును ఉద్యోగంలో చేరిన నాటి నుంచి కనీసం 40 ఏళ్లు, లేదా పని మానిన తర్వాత 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతకాలం భద్రపరచాలని సుప్రీంకోర్టు 1995లో ఆదేశించింది. చికిత్సకూ పరిహారానికీ పని వివరమే ఆధారం. డాక్టరు అడగకపోయినా రోగి తాను చేసిన పనులన్నీ ఏళ్లతో సహా చెప్పాలి.