గానుగవారి బడి
(అంజూర్ ఫాటాలో తెలుగువారి సభయందు చేసిన ప్రసంగము)



నేడు మేము ముందుగా చెప్పదలచినది మనవారిని గూర్చి కాదు, మన పొరుగువారిని గూర్చి. ఇచటికి దాపుననున్న ఠాణేలో 1879లో కట్టిన యూదుల ప్రార్థనామందిరము నేటికిని కలదు. దానిని కట్టినవారు బెనె ఇజ్రాయేలీయులు. వీరి పూర్వులు కొంకణ గ్రామములలో గానుగలాడించి బ్రదికిరి. శనివారమునాడు గానుగ కట్టకుండుటచే ఇరుగుపొరుగువారు వీరిని ‘శనివార్ తేలీ’లని పిలిచిరి. ఇంటి భాష మరాఠీ. ఆచారములు కొన్ని నిలిచినవి గాని, ధర్మగ్రంథముల భాషయైన హీబ్రూ మాత్రము వారిలో మరుగుపడినది.

ఆ లోటు తీర్ప నడుము కట్టినవారిలో ముఖ్యులు హయీమ్ శామ్యూల్ కెహిమ్కర్. 1830లో జన్మించిన వీరు, తోడివారితో కలసి 1875లో బొంబాయిలో ఇజ్రాయేలీయుల పాఠశాలను స్థాపించిరి. లోకవ్యవహారమునకు వలసిన చదువుతోపాటు అందు హీబ్రూను నేర్పిరి. లండనులోని ఆంగ్ల యూదు సంఘము ధనసహాయము చేసెను. పిమ్మట సర్ ఎలీ కదూరీ దాతృత్వముచే ఆ బడి వారి పేర ప్రసిద్ధమయ్యెను. కెహిమ్కర్ తమ జాతి చరిత్రను 1897 నాటికి వ్రాసి ముగించిరి. అది టెల్ అవీవ్ నగరమున అచ్చయినది 1937లో. అప్పటికి వారు లేరు.

బడి ఒక్కటియే చాలదని ఆ సమాజమువారెరుగుదురు. 1880 మొదలు, మన హరికథను బోలిన మరాఠీ కీర్తన పద్ధతిలో తమ పవిత్రగాథలను పాడించిరి. చదువు రానివారికి అదియే బడి యయ్యెను. 1948 తరువాత వారిలో అనేకులు ఇజ్రాయేలునకు తరలిపోయిరి. నేడు ఆ పాఠశాలలో చదువునది ఎక్కువగా ఇతర మతముల పిల్లలు. అదియు గొప్ప మేలే.

ఇక మన సంగతి. మన పెద్దలు మగ్గమును నమ్ముకొని తెలంగాణమునుండి ఈ భివండీకి వచ్చిరి. సాంచాల చప్పుడులో మన పిల్లలు పెరిగిరి. వారు మరాఠీ నేర్చుట తప్పు కాదు. అన్నము పెట్టిన నేల భాషను నేర్వవలసినదే. కాని అవ్వతో తెలుగున ముచ్చటలాడు మనుమడు, ఊరినుండి వచ్చిన పెండ్లిపత్రికను చదువలేక తండ్రి చేతికిచ్చుచున్నాడు. రేపు ఆ మనుమడే తండ్రియైనప్పుడు ఎవరి చేతికిచ్చును?

విద్యాసంస్థలను నెలకొల్పుకొను హక్కును రాజ్యాంగపు 30వ అధికరణము మనకిచ్చినది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించుటకు వసతులు కల్పింప యత్నింపవలెనని, 1956లో చేర్చిన 350-ఎ అధికరణము ప్రభుత్వములకు చెప్పుచున్నది. అయినను బడిలో కూర్చుండు పిల్లవాడే లేనిచో ఆ హక్కు ఎవరి కొరకు?

గానుగవారు చేసిన పని మగ్గమువారికి అసాధ్యమా? సాంచాలాగు సెలవునాడు ఒక గంట, వాడకొక గది, అక్షరములు వచ్చిన పెద్ద యొకరు. మొదట ఇంతకు మించి వలసినది లేదు. తెగిన పోగును వెంటనే అతుకవలెనని నేతగానికి ఒకరు చెప్పనక్కరలేదు; ఆలసించినకొలది బట్టలో లోపము పెరుగును.

వచ్చు సెలవునాడు పిల్లలను తోడ్కొని రండు. మేము పలకలతో వేచియుందుము.