డాక్టరుగారి పక్కన ఒక కుర్చీ



ఉచిత వైద్య శిబిరం అనగానే ఎంతమంది వచ్చారు, ఎన్ని మందులు పంచాం అని లెక్క చూసుకుంటాం. రోగి ఇంటికెళ్ళి చెప్పే మాట వేరు. "డాక్టరుగారు బాగా చూశారు" అంటాడు, లేదా "నా ముఖమైనా చూడలేదు" అంటాడు. నమ్మకం కుదరకపోతే మనమిచ్చిన మందు అలమరలోనే ఉండిపోవచ్చు.

అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో 120 మంది రోగులతో చేసిన ఒక అధ్యయనం 2012లో అచ్చయింది. వెన్నెముక ఆపరేషన్ తర్వాత చూడడానికి వచ్చిన వైద్యుడు కొందరితో నిలబడి, కొందరితో కూర్చుని మాట్లాడాడు. నిలబడినప్పుడు సగటున దాదాపు ఒకటిన్నర నిమిషం ఉన్నాడు. కూర్చున్నప్పుడు నిమిషం పైచిలుకే. అయినా కూర్చుని మాట్లాడినప్పుడు రోగులకు ఐదు నిమిషాలు ఉన్నట్టు తోచింది. నిలబడినప్పుడు నాలుగు నిమిషాలైనా ఉన్నట్టు అనిపించలేదు.

మన శిబిరాల్లో లైను పొడవు, సమయం తక్కువ. ఆ కొద్ది నిమిషాలను పెంచలేకపోయినా, అవి రోగికి దక్కేలా చూడవచ్చు.

నేను బడిపంతులుని. బోర్డు వైపే తిరిగి పాఠం చెబితే పిల్లలు సందేహం అడగరు. రోగులూ అంతే. డాక్టరు చీటీ రాస్తూ తలెత్తకుండా "ఊఁ, చెప్పండి" అంటే అసలు బాధ గొంతులోనే ఆగిపోతుంది. పైగా "ఉచితంగా వచ్చాం, ఏం అడుగుతాంలే" అని మనవాళ్ళు ముందే ముడుచుకుని ఉంటారు. తలవంచుకున్న ఆడమనిషి కళ్ళలోకి గుచ్చి చూడనక్కర్లేదు. ఆమె వైపు తిరిగి కూర్చుని, మాట పూర్తయ్యేదాకా కలం పక్కన పెడితే చాలు.

సెలవు మానుకుని వచ్చే వైద్యులను తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. వెనక జనం తోసుకుంటుంటే, రోగి బల్లకు అవతల నిలబడి ఉంటే, వారు మాత్రం ఏం చేస్తారు? ఏర్పాట్లు మన చేతిలో ఉన్నాయి. రోగికి బల్ల పక్కనే కుర్చీ వేద్దాం. పేరు, వయసు, బీపీ ముందే రాసిపెట్టడానికి ఒక కార్యకర్తను ఉంచుదాం. అడ్డంగా ఒక తెర కడదాం. ఉర్దూ మాత్రమే వచ్చిన పెద్దవాళ్ళకు తోడుగా ఒకరిని కూర్చోబెడదాం.

ఈ ఏడాది మందుల పద్దు పక్కనే ఈ చిన్న ఖర్చునూ చేర్చమని దాతలను కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.