పక్కకి జరగరా, కొండకి అడ్డొస్తున్నావు

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న గురువులకు నమస్కారం. వేదిక కింద కూర్చున్న గురువులకు మరో నమస్కారం. పైకి రండి మాస్టారూ అని ఎంత పిలిచినా "ఇక్కడ ఫ్యాను ఉందిరా" అని కదల్లేదు వాళ్లు. మా బ్యాచ్ వాళ్లకి, సీనియర్లకి, వెనక వరసల్లో ఫోన్లు చూసుకుంటున్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి కూడా నమస్కారం.

నేను సివిల్ ఇంజినీర్ని. రోడ్లు, కల్వర్టులు, బిల్డింగులు కడుతూ ముప్పై ఏళ్లు దాటింది. కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నువ్వు ఊళ్లు తిరిగి కొండల ఫోటోలు, మేడల మీంచి ఫోటోలు తీస్తుంటావు కదా, దాని గురించి పది నిమిషాలు చెప్పు" అన్నారు. కాంక్రీటు గురించి చెప్పమనలేదు, బతికిపోయాను. మీరూ బతికిపోయారు.

నా మొదటి ఫోటో మన బడి వెనకున్న కొండ మీంచి తీసిందే. 1986 జనవరి 26. నేను పదో తరగతి. మా బావగారి దగ్గర ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా ఉండేది. పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది, నల్లటి డబ్బా, రోలుకి పన్నెండే ఫోటోలు. పండక్కి వచ్చినాయన దాన్ని మా ఇంట్లో మర్చిపోయి వెళ్లారు. లోపల కొత్త రోలు ఉంది. ఇంతకంటే అదృష్టం ఏం కావాలి?

జెండా ఎగరేశారు, బిళ్లలు పంచారు, బడికి సెలవు. నా బెంచీలో నా పక్కన కూర్చునేవాడు హాస్టల్ కుర్రాడు. కొండమీది గూడెం వాడు. వాడి పేరు ఇక్కడ చెప్పను, మా బ్యాచ్ వాళ్లకి తెలుసు. "పైన ఒక బండ ఉంది, అక్కణ్ణుంచి ఊరంతా కనబడుద్ది" అని వాడే తీసుకెళ్లాడు. నాకు గంట పట్టింది. వాడొక్కడే అయితే పావుగంటలో ఎక్కేసేవాడు. దారిలో రెండుసార్లు నా కోసం ఆగి, ఊరికే కూర్చోకుండా అడ్డాకులు కోశాడు.

బండ మీద నిలబడితే కింద మన బడి పెంకులు, జెండా కర్ర, చింతచెట్లు, రోడ్డు, ఆ వెనక వరసగా కొండలు. నేను కెమెరా ఎత్తిన ప్రతిసారీ వాడు వచ్చి ముందు నిలబడేవాడు. ఫోటో అంటే మనిషిని తీసేదే అని వాడి ఉద్దేశం. నేను చిరాకుపడి, "పక్కకి జరగరా, కొండకి అడ్డొస్తున్నావు" అన్నాను. జరిగాడు. నా వెనక్కి వచ్చి నిలబడ్డాడు. పన్నెండు ఫోటోలూ కొండలే తీశాను.

నర్సీపట్నంలో కడిగిస్తే పన్నెండింట్లో పదకొండు బూడిద. స్టూడియో ఆయన వాటిని నా ముందు పేకముక్కల్లా పరిచి, "కొండల్ని తీస్తే ఇంతే బాబూ, పొగ వస్తది" అన్నాడు. ఒకటి మాత్రం కాస్త నిలబడింది. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఆ 'పొగ' ఏమిటో అర్థమయ్యేసరికి ఇరవై ఏళ్లు పట్టింది. దూరంగా ఉన్న కొండకీ మనకీ మధ్య ఉన్నది ఖాళీ కాదు, గాలి. అందులో తేమ, దుమ్ము, పొగ. వాటి మీద పడ్డ వెలుతురు చెల్లాచెదురై మన కంటికి చేరుతుంది. మొదటి కొండ ఆకుపచ్చగా, రెండోది నీలంగా, నాలుగోది ఆకాశం రంగులో కలిసిపోవడానికి కారణం అదే. కంటికి అది అందం. ఎందుకంటే మెదడు సర్దుకుంటుంది. కెమెరాకి సర్దుకోవడం తెలీదు, ఉన్నది ఉన్నట్టు బూడిద చూపిస్తుంది.

ఉద్యోగం నన్ను దుబాయ్ తీసుకెళ్లింది. అక్కడ బుర్జ్ ఖలీఫా 124వ అంతస్తులో, 452 మీటర్ల ఎత్తున, జనం నిలబడి చూసే చోటు ఉంది. ఎత్తుని బట్టి దిగంతం ఎంత దూరమో ఒక చిన్న లెక్క చెబుతుంది. లెక్కల మాస్టారు ఇక్కడే ఉన్నారు, తప్పయితే సరిదిద్దుతారు. మీటర్లలో ఎత్తుకి వర్గమూలం కట్టి, 3.57తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. 452 మీటర్లకి 76 కిలోమీటర్లు. లెక్క ప్రకారం అంత దూరం కనబడాలి. నేను వెళ్లిన రోజు ఇసుక దుమ్ములో కింద రోడ్డే సరిగ్గా కనబడలేదు. టిక్కెట్టు డబ్బులు మాత్రం స్పష్టంగా పోయాయి.

మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. అక్కడికి వెళ్లినప్పుడు న్యూయార్క్ ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ 86వ అంతస్తు ఎక్కాను. అది 320 మీటర్లు. చుట్టూ కమ్మీల కంచె ఉన్నా ఆరుబయటే నిలబడతాం, గాలి ముఖానికి కొడుతుంది. కంచె కన్నాల్లోంచి లెన్స్ పెట్టి తీసుకోవచ్చు. అద్దం వెనక నిలబడి తీసేచోట మాత్రం చిక్కు ఉంది. మన చొక్కా, మన ఫోను, వెనకున్న దీపాలు అన్నీ అద్దంలో పడి ఊరి మీద తేలుతుంటాయి. దానికి మందు సులువే. నల్లచొక్కా వేసుకోండి, లెన్స్‌ని అద్దానికి ఆనించండి, చుట్టూ నల్లగుడ్డ కప్పండి. ఫోన్‌కీ ఇదే పద్ధతి. ఫ్లాష్ వేశారంటే ఊరు రాదు, అద్దం మీది తెల్లటి చుక్క వస్తుంది.

ఈ రెండుచోట్లా ఒకే మాట పదేపదే విన్నాను. అరబ్బీలో, ఇంగ్లీషులో, హిందీలో, ఒకసారి మంచి గుంటూరు తెలుగులో కూడా: "కొంచెం పక్కకి జరగండి."

ఇక మన కొండలకి వద్దాం. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా అంటే బయటివాళ్లకి మొదట గుర్తొచ్చేది మబ్బుల సముద్రమే. అనంతగిరి దారిలో గాలికొండ, అరకు దగ్గర మాడగడ, పాడేరు దగ్గర వంజంగి, లంబసింగి పక్కన చెరువులవేనం. నవంబరు నుంచి జనవరి దాకా తెల్లవారుజామున మూడింటికే కార్లు బారులు తీరుతున్నాయి. మన చిన్నప్పుడు ఆ పొగమంచులో బడికి నడిచి వచ్చాం, అది చూడ్డానికి డబ్బులు పెట్టి వస్తారని ఎవరైనా అంటే నవ్వేవాళ్లం.

ఆ మబ్బు ఎలా పుడుతుందో తెలిస్తే ఎప్పుడు వెళ్లాలో తెలుస్తుంది. ఆకాశం నిర్మలంగా, గాలి లేకుండా ఉన్న రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. కొండవాలు మీది చల్లగాలి బరువెక్కి, నీళ్లలా జారి లోయలోకి దిగుతుంది. పైన వెచ్చటి గాలి మూతలా ఉంటుంది. లోయలోని తేమ ఆ మూత కింద మంచుగా పేరుకుంటుంది. మూత బల్లపరుపు కాబట్టి పైనుంచి చూస్తే సముద్రంలా ఉంటుంది. ముందురోజు వాన పడి, రాత్రి ఆకాశం విప్పారితే ఇంకా మంచిది. రాత్రంతా మేఘాలున్నా, గాలి వీచినా ఆ పొద్దున నిద్ర పాడుచేసుకోవద్దు.

ఫోటో సంగతి ఒక్కటే చెబుతాను. కెమెరాకి ప్రతిదీ నడిమి బూడిదరంగులో చూపించాలని ఉంటుంది. తెల్లటి మంచు చూపిస్తే దాన్నీ బూడిద చేస్తుంది. కాబట్టి ఒక స్టాపు వెలుతురు పెంచండి. ఫోన్‌లో అయితే మంచు మీద వేలు ఆనించి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని పైకి జరపండి. నర్సీపట్నం స్టూడియో ఆయన చెప్పిన పొగలో సగం దీంతో పోతుంది. మిగతా సగం నిజంగానే పొగ.

రెండేళ్ల క్రితం డిసెంబరులో వంజంగి ఎక్కాను. సూర్యోదయం ఆరుంపావు దాటాక. వందలమంది చేతులెత్తి ఫోన్లు పట్టుకున్నారు. ఏడున్నరకల్లా సగంమంది దిగిపోయారు. నేను టీ తాగుతూ, టీ పోసే కుర్రాడికి నా కెమెరాలో ఫోటో చూపించాను. తెల్లటి మబ్బు, మూడు శిఖరాలు, నారింజ ఆకాశం. వాడు చూసి, "బాగుంది సార్. మబ్బు లేచాక కూడా తియ్యండి, మా ఊరు కనబడుద్ది" అన్నాడు.

మళ్లీ కూర్చున్నాను. తొమ్మిది దాటాక మబ్బు ముక్కలు ముక్కలుగా తెగింది. ముందు ఒక రేకు కప్పు మెరిసింది. తర్వాత మెట్ల పొలాలు, మట్టిరోడ్డు, దాని మీద ఒక బండి, కాఫీ తోటల నీడచెట్లు. కుర్రాడు వేలు పెట్టి తన ఇల్లు చూపించాడు. వాళ్లమ్మ అప్పటికి పొయ్యి వెలిగించే ఉంటుందన్నాడు. అప్పటికి పైన మిగిలింది మేమిద్దరం, బోలెడన్ని ఖాళీ నీళ్లసీసాలు. నా దగ్గర ఆ కొండల ఫోటోలు వందల్లో ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ ఊరు లేదని అప్పుడు లెక్క తేలింది.

మన కొయ్యూరుకి వ్యూపాయింట్ అని బోర్డు లేదు. ఉన్నా లేకపోయినా కొండమీంచి చూడటం అంటే ఏమిటో ఈ ప్రాంతానికి ఒకరు నేర్పాల్సింది కాదు. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు దొరలు రామరాజు మనుషుల తుపాకులకి పడిపోయారు. పైనున్నవాడికి కింద నడిచేవాడు కనబడ్డాడు, కిందివాడికి పైవాడు కనబడలేదు. రామరాజుని మంప దగ్గర పట్టుకుని, ఈ కొయ్యూరుకే తెచ్చి 1924 మే 7న కాల్చేశారు. సోషల్ మాస్టారు ఈ పాఠం చెబుతూ కిటికీలోంచి కొండలు చూపించేవారు. పుస్తకంలో బొమ్మ అక్కర్లేని పాఠం మాకు అదొక్కటే.

ఇప్పుడు ఆ పన్నెండో ఫోటో.

మొన్న సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు పాత ట్రంకు పెట్టెలో దొరికింది. దూరంగా బడి పెంకులు, జెండా కర్ర కనబడుతున్నాయి. కింద బండ మీద రెండు నీడలు ఉన్నాయి. ఇన్నేళ్లూ నేను కొండనే చూశాను గానీ నీడల్ని చూడలేదు. ఒక నీడకి మోచేతులు ముఖం దగ్గరికి మడిచి ఉన్నాయి, అది నేను. పక్కది పొడుగ్గా ఉంది, చంకలో ఆకుల కట్ట.

ఇంజినీరు బుద్ధి ఊరుకోదు కదా. కొయ్యూరుకీ నర్సీపట్నానికీ మధ్యనుంచే 82½ డిగ్రీల రేఖాంశం పోతుంది, దేశమంతా గడియారం పెట్టుకునేది దాన్ని బట్టే. కాబట్టి మన సూర్యుడికీ మన గడియారానికీ పెద్ద తేడా ఉండదు. లెక్క కట్టాను. జనవరి 26న పొద్దున తొమ్మిదిన్నరకి ఇక్కడ సూర్యుడు సుమారు 36 డిగ్రీల ఎత్తులో, ఆగ్నేయం వైపు ఉంటాడు. నీడ వాయవ్యానికి, మనిషి ఎత్తుకి ఒకటిన్నరరెట్లకి కొంచెం తక్కువగా పడుతుంది. కొండకి వాయవ్యంగానే బడి. అన్నీ సరిపోయాయి. వాడు నాకంటే బెత్తెడు పొడుగు అని కూడా తేలింది. ఆ రోజుల్లో నేను ఒప్పుకునేవాణ్ణి కాదు.

ఆ ఏడే, పరీక్షలు అయిపోయి వానలు మొదలయ్యాక, వాడికి చలిజ్వరం వచ్చింది. తలకెక్కింది. డోలీ కట్టి కిందికి తెచ్చేసరికే ఆలస్యమైపోయింది. నాకు తెలిసేసరికి నేను విశాఖపట్నంలో కాలేజీ అప్లికేషన్ కోసం లైన్లో ఉన్నాను.

ఫోటో దొరికిన మర్నాడు వాళ్ల గూడెం వెళ్లాను. వాడి తమ్ముడు నన్ను గుర్తుపట్టాడు. వాళ్లమ్మ ఉంది. చూపు తగ్గింది. నేను ఎవరో చెప్పగానే ఆవిడ అడిగిన మొదటి మాట, "మా వాడి ఫోటో ఉందా బాబూ నీ దగ్గర?" వాళ్లింట్లో ఒక్కటి కూడా లేదు. పదో తరగతి గ్రూపు ఫోటోలో వాడు లేడు. ఆ రోజు ఫోటోకి డబ్బులు కట్టాలన్నారు, వాడు రాలేదు. అప్పట్లో నేను ఎందుకు రాలేదని అడగను కూడా అడగలేదు.

నా దగ్గర కెమెరా ఉంది. రోల్లో పన్నెండు ఫోటోలు ఉన్నాయి. వాడు వచ్చి ముందు నిలబడ్డాడు. ఇది ఆవిడకి చెప్పలేకపోయాను, మీకు చెబుతున్నాను.

ఆ నీడ చూపించాను. తమ్ముడు చెబుతుంటే ఆవిడ వేలితో ఆకుల కట్ట మీద తడిమి, "ఇది వాడే. కట్ట ఎడం చంకలోనే పెట్టేవాడు" అంది. ఫోటో పెద్దది చేయించి పంపాను. దాన్నే ఈ సంచికలో కూడా వేస్తామన్నారు.

మర్నాడు వాడి తమ్ముడితో బండ ఎక్కాను. ఈసారి రెండు గంటలు పట్టింది, మోకాళ్లు నావి. పెంకుల చోట డాబా వచ్చింది, చింతచెట్లలో రెండే మిగిలాయి. కెమెరా ఎత్తగానే ఆ అబ్బాయి మర్యాదగా పక్కకి తప్పుకున్నాడు. "అక్కడే ఉండు తమ్ముడూ" అన్నాను.

కార్యదర్శి గారు టైం అయిందని సైగ చేస్తున్నారు. ఒక్క విన్నపం. 1981 నుంచి 86 దాకా ఇక్కడ చదివినవాళ్లు, పాఠాలు చెప్పినవాళ్లు ఇంటికెళ్లాక పాత ఫోటోలు ఒకసారి తియ్యండి. ఆగస్టు పదిహేను, ఆటల పోటీలు, హాస్టల్ డే, ఏవైనా సరే. ముందు వరసలో పూలదండలతో ఉన్నవాళ్లని వదిలేసి వెనక వరస చూడండి. పొడుగ్గా ఉంటాడు, ఎడమ కనుబొమ మీద చిన్న గాటు ఉంటుంది. కనబడితే ఫోటో సంఘం ఆఫీసులో ఇవ్వండి. కాపీ తీసుకుని మళ్లీ మీకు ఇచ్చేస్తాం. గూడేనికి నేనే తీసుకెళ్తాను.